ఆన్‌లైన్ షాపింగ్‌తో నాకు దక్కిన అసలు లాభం: ఉన్నదాంతో సర్దుకుపోవాల్సిన పని తప్పింది

మీరు అడిగింది ఇది: "ఆన్‌లైన్‌లో కొంటే మోసపోతామని ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు. డిస్కౌంట్లు తప్ప కొనేవాళ్ళకి నిజంగా వేరే లాభం ఏమైనా ఉందా? వాడినవాళ్ళు చెప్పండి." నేను పదేళ్ళ పైబడి ఇంటికి కావలసినవాటిలో సగానికి పైగా ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను. ఒకసారి గట్టిగా దెబ్బ కూడా తిన్నాను. ఆ సంగతి కూడా కింద రాస్తాను. కానీ నన్నడిగితే డిస్కౌంట్ అన్నది ఈ లాభాల్లో ఆఖరిది. అసలు లాభం ఏమిటంటే, దొరికినదాంతో సర్దుకుపోకుండా నాకు ఏది కావాలో సరిగ్గా అదే తెచ్చుకోగలగడం. అదెలాగో మా ఇంట్లో జరిగినవాటితోనే చెప్తాను.

మా నాన్నగారు చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటారు. అందులో శనగబద్దంత బ్యాటరీ ఉంటుంది. ఈ బ్యాటరీల్లో సైజుకో రంగు స్టిక్కర్ ఉంటుంది: 10 నంబరుకి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. ఏ కంపెనీది తీసుకున్నా ఇవే రంగులు. నాన్నగారిది 312. ఒకప్పుడు అది అయిపోయిందంటే నాకు టెన్షన్ మొదలయ్యేది. ఒక షాపులో 13 నంబరు మాత్రమే ఉండేది, ఇంకో షాపులో 312 ఉన్నా ఎన్నాళ్ళ నుంచి పడి ఉందో తెలిసేది కాదు. నేను తిరుగుతున్న ఆ రెండు మూడు రోజులూ నాన్నగారు ఇంట్లో ఎవరేం మాట్లాడినా తలూపుతూ కూర్చునేవారు. వినపడలేదని చెప్పడం ఆయనకి ఇష్టం ఉండదు. మనవరాలు స్కూల్లో జరిగింది చెప్తుంటే నవ్వుతూ చూసేవారు, కానీ ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదని నాకు తెలుస్తూనే ఉండేది.

ఆన్‌లైన్‌లో వెతికితే మొదటిసారే 312 నంబరు బ్యాటరీలు కంపెనీల వారీగా వరసగా కనపడ్డాయి. అది మొదటి లాభం. కానీ అంతకంటే మంచి సంగతి ఆ పేజీ కిందనే దొరికింది. ఎవరో "కొత్త బ్యాటరీ రెండు రోజులకే అయిపోతోంది, ఎందుకు?" అని అడిగితే, ఇంకెవరో ఓపిగ్గా జవాబు రాశారు. ఇవి జింక్ ఎయిర్ బ్యాటరీలు. స్టిక్కర్ కింద సన్నటి రంధ్రాలుంటాయి. స్టిక్కర్ తీశాక వాటిలోంచి గాలి లోపలికి వెళ్తేనే బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది. తీసిన వెంటనే యంత్రంలో పెట్టి మూసేయకుండా కొన్ని నిమిషాలు బయట ఉంచాలి. ఒకసారి స్టిక్కర్ తీశాక వాడినా వాడకపోయినా దాని ఆయుష్షు తగ్గిపోతూనే ఉంటుంది, మళ్ళీ అంటించినా ఆగదు. మేమేమో రేపటికి సిద్ధంగా ఉంటుందని ముందురోజే స్టిక్కర్లు తీసి డబ్బీలో పెట్టేవాళ్ళం! ఇన్నేళ్ళూ ఈ మాట మాకు చెప్పినవాళ్ళు లేరు. ముక్కూ మొహం తెలియని ఒక కొనుగోలుదారుడు రాసిన నాలుగు వాక్యాల వల్ల మా నాన్నగారి బ్యాటరీలు ఎక్కువ రోజులు రావడం మొదలుపెట్టాయి. సామానుతో పాటు దాన్ని వాడినవాళ్ళ అనుభవం కూడా చేతికందడం అంటే ఇదే.

రకరకాల వస్తువులు దొరకడం అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎరిక్ బ్రిన్‌జోల్ఫ్‌సన్, జెఫ్రీ హు, మైకేల్ స్మిత్ అనే ముగ్గురు పరిశోధకులు ఆన్‌లైన్ పుస్తకాల అమ్మకాల మీద 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు షాపుల్లో దొరకని అరుదైన పుస్తకాలు అందుబాటులోకి రావడం వల్ల పాఠకులకి కలిగిన మేలు, పోటీ పెరిగి ధరలు తగ్గడం వల్ల కలిగిన మేలు కంటే 7 నుంచి 10 రెట్లు ఎక్కువని వాళ్ళ లెక్కలో తేలింది. అది చదివినప్పుడు, ఇన్నాళ్ళూ నేను అనుకుంటున్నదే వీళ్ళు లెక్క వేసి చూపించారనిపించింది. షాపులో ఉండేది నాలుగు అరలు. ఆ అరల్లో ఎక్కువమంది అడిగేవే పెట్టుకుంటారు. అందులో వాళ్ళ తప్పేం లేదు, నెలకొకరు అడిగే వస్తువుని పెట్టుకుంటే వాళ్ళకి గిట్టదు. కానీ ఆ నెలకొకరు మనమే అయినప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

మా అమ్మాయిది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు కత్తెరతో కాగితం కత్తిరించమంటే ఏడ్చేది. గీత మీద పెట్టిన కత్తెర పక్కకి పోయేది, కాగితం తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య మడతపడేది. దానికి చేతకావడం లేదేమో అనుకున్నాం. తీరా చూస్తే మామూలు కత్తెరలో పై బ్లేడు కుడివైపు ఉంటుంది. కుడిచేత్తో నొక్కినప్పుడు వేళ్ళ ఒత్తిడికి రెండు బ్లేడ్లూ దగ్గరికొస్తాయి. ఎడమచేత్తో నొక్కితే అదే ఒత్తిడి వాటిని దూరం జరుపుతుంది. పైగా తెగాల్సిన గీత బ్లేడు చాటున పడి కనపడదు. ఎడమచేతివాళ్ళ కోసం బ్లేడ్లు అటూ ఇటూ మార్చి చేసిన కత్తెరలు వేరే ఉంటాయని నాకు ఆన్‌లైన్‌లో చూసేదాకా తెలియదు. అది వచ్చిన రోజు సాయంత్రం పిల్ల పాత పత్రికలన్నీ ముందేసుకుని బొమ్మల అంచుల వెంట కత్తిరిస్తూ కూర్చుంది. భోజనానికి పిలిచినా లేవలేదు. లోపం ఇన్నాళ్ళూ పిల్లలో కాదు, కత్తెరలో ఉందన్నమాట.

ఇదే లెక్క పాత యంత్రాల విడిభాగాలకి కూడా వర్తిస్తుంది. మా వాషింగ్ మెషీన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు చిరిగి నీళ్ళు కారుతుంటే, కొత్త మెషీన్ కొనుక్కోవడమే మేలన్నారు. మెషీన్ మీద అంటించిన చీటీలో మోడల్ నంబరు చూసుకుని, దానితో వెతికితే ఆ రబ్బరు దొరికింది. మెషీన్ ఇప్పటికీ నడుస్తోంది. మీరు గనక ఇలాంటివి వెతికితే వస్తువు పేరుతో కాకుండా మోడల్ నంబరుతోనో, విడిభాగం మీద ముద్రించిన నంబరుతోనో వెతకండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక మొహమాటం సంగతి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మా అమ్మకి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు మూత్రం ఆపుకోవడం కష్టమైంది. పెద్దవాళ్ళు వాడే ప్యాడ్లు కావాలి. షాపులో నలుగురి మధ్య నిలబడి అడగడానికి ఆవిడ ఒప్పుకోలేదు, నన్ను అడగనివ్వలేదు. నాతో చెప్పడానికే వారం పట్టింది. అప్పటిదాకా పాత చీర ముక్కలతో సర్దుకుంది, రాత్రిళ్ళు భయంతో సరిగ్గా నిద్రపోయేది కాదు. చివరికి ఇద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చుని ఫోన్‌లో చూశాం. ఏది ఎంత తడి పీలుస్తుంది, నడుము కొలత ఎంతుండాలి, రాత్రికి ఏది, పగటికి ఏది, అన్నీ తీరిగ్గా చదివింది. కళ్ళజోడు పెట్టుకుని అక్షరాలు పెద్దవి చేసుకుని తనే ఎంచుకుంది. పెట్టె మామూలు అట్టపెట్టెలో వచ్చింది, లోపల ఏముందో బయటికి తెలియలేదు. ఆ రాత్రి అమ్మ నిశ్చింతగా పడుకుంది. లోదుస్తులు, చర్మానికి రాసుకునే మందుపూతలు, ఇలాంటివి కొనడానికి వెనకాడే ఎవరికైనా ఈ మాట అర్థమవుతుంది. ఎవరి చూపులూ మన మీద పడకుండా, ఎవరూ తొందరపెట్టకుండా, మన వస్తువు మనం ఎంచుకోవడం చిన్న విషయం కాదు.

తొందర లేకపోవడం అన్నాను కదా, అది మనం కాపాడుకుంటేనే ఉంటుంది. కొన్ని సైట్లలో "ఇంకో తొమ్మిది నిమిషాలే ఈ ధర" అని గడియారం పరిగెత్తిస్తారు, "రెండే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు చూపిస్తారు. లేని తొందర పుట్టించడం కొనేవాళ్ళని తప్పుదోవ పట్టించడమేనని 2023లో భారత ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. నేనైతే ఒక పద్ధతి పెట్టుకున్నాను. అత్యవసరం కానిది ఏదైనా కార్ట్‌లో వేసి ఒక రాత్రి వదిలేస్తాను. పొద్దున లేచి చూసినప్పుడు కూడా కావాలనిపిస్తేనే కొంటాను. సగం వస్తువులు అక్కడే ఆగిపోతాయి. షాపులో అయితే అంతసేపు చూసి, అన్నీ తీయించి, ఉత్తి చేతులతో బయటికి రావడానికి నాకు మొహం చెల్లేది కాదు. ఇక్కడ కార్ట్‌లోంచి తీసేస్తే నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు దెబ్బ తిన్న సంగతి. అమ్మకోసం బీపీ చూసే మిషన్ తెప్పించాను. ముందు చదువుకునే కొన్నాను. చేతికి చుట్టే పట్టీ సైజు ముఖ్యమని, చిన్న పట్టీ లావు చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని తెలుసుకుని, అమ్మ మోచేతి పైభాగం చుట్టుకొలత టేపుతో కొలిచాను. 34 సెంటీమీటర్లు వచ్చింది. మామూలుగా వచ్చే పట్టీ చాలావాటికి 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే సరిపోతుంది, కాబట్టి పెద్ద పట్టీ ఉన్నది ఎంచుకున్నాను. ఇంత జాగ్రత్త పడ్డాక వచ్చిన పెట్టె విప్పి, బ్యాటరీలు వేసి, మెమరీ బటన్ నొక్కితే అందులో అప్పటికే పదకొండు రీడింగులు ఉన్నాయి. ఎవరో వాడి వెనక్కిచ్చిన మిషన్‌ని కొత్తదని నాకు అంటగట్టారు. అమ్మ ఆరోగ్యానికి సంబంధించిన వస్తువులో ఇలా చేశారంటే ఒళ్ళు మండిపోయింది.

అమ్మినవాళ్ళు మొదట ఒప్పుకోలేదు, మీరే వాడి ఉంటారన్నారు. నన్ను కాపాడింది రెండు విషయాలు. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా తీసిన వీడియో ఒకటి. రెండోది, ఆర్డర్ పెట్టిన తేదీ, అందిన తేదీ, కొత్త వస్తువని పేజీలో రాసిన మాట, మా మధ్య నడిచిన మెసేజ్‌లు, అన్నీ రాతపూర్వకంగా ఉండటం. పాత రీడింగుల పక్కన ఉన్న తేదీలు నాకు సరుకు అందిన తేదీకంటే ముందువి. ఆ ఫోటోతో సైట్‌వాళ్ళకి ఫిర్యాదు పెట్టాను, ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ అదే సంగతి మెసేజ్‌లో కూడా రాశాను. తొమ్మిదో రోజు డబ్బు వెనక్కి వచ్చింది. మనశ్శాంతి పోయింది, నిజమే. కానీ ఎక్కడైనా మోసం జరగొచ్చు. జరిగినప్పుడు మన చేతిలో సాక్ష్యం ఉందా లేదా అన్నదే తేడా. నోటిమాటగా "బాగా పనిచేస్తుందండీ" అన్నది రేపు కాదనేయొచ్చు. పేజీలో రాసిన మాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఎక్కడికీ పోదు.

వెనక్కి ఇచ్చే హక్కు కూడా ఆన్‌లైన్ కొనుగోలుకి ఉన్న పెద్ద బలం. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చేతికందాక 14 రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా వద్దనుకోవచ్చు. మన కొలతలతో ప్రత్యేకంగా చేయించినవి, శుభ్రత కోసం సీలు వేసిన వస్తువుల సీలు తీసేసినవి లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. కంటితో చూడకుండా, చేత్తో పట్టుకోకుండా కొంటున్నారు కాబట్టే ఈ రక్షణ. అన్ని దేశాల్లో రూలు ఒకేలా ఉండదు, సైట్‌ని బట్టి, వస్తువుని బట్టి కూడా మారుతుంది. అందుకే డబ్బు కట్టే ముందు రిటర్న్ ఎన్ని రోజులు, డబ్బు ఇస్తారా లేక వస్తువు మార్చి మాత్రమే ఇస్తారా, తిప్పి పంపే ఖర్చు ఎవరిది, ఈ మూడూ చూసుకోండి.

రివ్యూలు గుడ్డిగా నమ్మొద్దు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం మీద నిషేధం అమల్లోకి వచ్చిందంటే సమస్య ఎంత ముదిరిందో ఆలోచించండి. నేను ఐదు నక్షత్రాలవి, ఒక నక్షత్రంవి పక్కన పెట్టి ముందు మూడు నక్షత్రాలవి చదువుతాను. మంచీ చెడూ రెండూ అక్కడ దొరుకుతాయి. కొనేశాక కొన్ని నెలలకి మళ్ళీ వచ్చి రాసినవాళ్ళ మాటకి ఎక్కువ విలువిస్తాను. "సూపర్ ప్రోడక్ట్" అన్న రివ్యూ నాకు ఏమీ చెప్పదు. "ఆరు నెలలకి పిడి వదులైంది" అన్నది చాలా చెప్తుంది. నేను కూడా అలాగే రాస్తాను. బ్యాటరీల గురించి ఆ నాలుగు వాక్యాలు రాసినవాళ్ళకి నేను తీర్చుకోగల బాకీ అదొక్కటే.

ధర గురించి ఎక్కువ చెప్పను. నాలుగు చోట్ల పోల్చి చూడటానికి కాళ్ళరిగేలా తిరగక్కర్లేదు, నాలుగు నిమిషాలు చాలు. కాకపోతే కొట్టేసి చూపించిన పెద్ద ధరని నమ్మకండి, డెలివరీ ఖర్చుతో కలిపిన చివరి మొత్తం చూడండి, ప్యాకెట్ల సైజు వేరైతే వందగ్రాములకో ఒక్కోదానికో ఎంత పడుతోందో లెక్క వేసుకోండి.

మీ పెద్దవాళ్ళ భయం అర్థం లేనిది కాదు, దాన్ని కొట్టిపారేయొద్దు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే చాలు, సైట్ మంచిదే అని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తుకి అర్థం మనం పంపే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే, అవతలివాడు నిజాయితీపరుడని కాదు. తెలియని సైట్‌కి నేరుగా బ్యాంకు ఖాతాలోకి డబ్బు పంపొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. "మీ పార్సిల్ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తే నొక్కకుండా, యాప్ తెరిచి ఆర్డర్ ఎక్కడుందో అక్కడే చూసుకోమనండి. ఈ మూడూ ఇంట్లో అందరికీ నోటికి వచ్చేలా చెప్పండి.

నిజానికి ఇంటి నుంచి ఇలా ఆన్‌లైన్‌లో కొనుక్కున్న తొలివాళ్ళలో పెద్దవాళ్ళు ఉన్నారు. 1979లో మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన ఇంగ్లండ్‌లో టీవీని టెలిఫోన్ లైను ద్వారా కంప్యూటర్‌కి కలిపి ఇంట్లోంచే కొనుక్కునే ఏర్పాటు తయారుచేశారు. 1984లో ఆ దేశంలోనే గేట్స్‌హెడ్ అనే ఊళ్ళో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ళ ఆవిడ తన కుర్చీలో కూర్చుని టీవీ రిమోట్‌తో ఇంటి సరుకులు ఆర్డర్ పెట్టింది. బయటికి వెళ్ళలేని పెద్దవాళ్ళ కోసం అక్కడివాళ్ళు పెట్టిన పథకం అది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, మంచాన ఉన్నవాళ్ళని చూసుకుంటూ ఇల్లు కదలలేనివాళ్ళు, చూపు లేక, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ వాడేవాళ్ళు, వీళ్ళందరికీ ఇది సౌకర్యం అన్న మాటతో సరిపోదు. ఒకరి మీద ఆధారపడకుండా బతకడం అది. బటన్లకి పేర్లు పెట్టకుండా స్క్రీన్ రీడర్ చదవలేని యాప్‌లు చేసేవాళ్ళని చూస్తే అందుకే నాకు బాధేస్తుంది.

కాబట్టి మీ ఇంట్లో వాదించకండి. పెద్దవాళ్ళకి ఎన్నాళ్ళుగానో కావలసి ఉండి దొరకని వస్తువు ఏదో ఒకటి ఉంటుంది, అది కనుక్కోండి. పాదం వెడల్పు వల్ల ఏ చెప్పులూ పట్టకపోవచ్చు, ఎప్పుడో పోయిన మూత కావాల్సి ఉండొచ్చు. చెప్పులైతే సాయంత్రం పూట కాగితం మీద పాదం పెట్టించి గీత గీయండి, సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి ఆ కొలతే సరైనది. వాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళనే ఎంచుకోనివ్వండి. చిన్నదానితో మొదలుపెట్టండి.

మా నాన్నగారు రెండేళ్ళు నా చేతే తెప్పించుకున్నారు. కిందటి వేసవిలో ఒకరోజు నాకు చెప్పకుండా తనే ఆర్డర్ పెట్టారు. ఫోటో పెద్దది చేసి గోధుమ రంగు స్టిక్కర్ ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారట. ప్యాకెట్ వచ్చాక దాని మీద గడువు తేదీ నాకు చదివి వినిపించి, ఒక బ్యాటరీ స్టిక్కర్ తీసి టేబుల్ మీద పెట్టి, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత ప్యాకెట్ వెనక బాల్‌పెన్నుతో ఆ రోజు తేదీ వేశారు. ఇది ఎన్ని రోజులు వస్తుందో చూసి ఆ పేజీలో రాస్తారట.